అయిదు మ్యాచ్‌ల ఆలస్యం

ఇంటర్‌ కాలేజీ పోటీలు ఇంకా నెలరోజులున్నాయనగా నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. హాజరు చాలనివాళ్ల జాబితా. అందులో ముగ్గురు బాస్కెట్‌బాల్ టీమ్‌లో ముఖ్యమైన ఆటగాళ్లు. వీళ్లను పరీక్షకే కాదు, ఆటకు కూడా పంపబోమని కింద రాసి ఉంది.

కోచ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మెడలో విజిల్ అయినా తీయకుండా స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌ మెట్లెక్కింది.

పిల్లలు ఆమెను విజిల్ మేడమ్ అనేవారు. ఒకప్పుడు మంచి ప్లేయర్. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక ఇదే కాలేజీలో అసిస్టెంట్‌గా చేరింది. మూడేళ్లపాటు బంతులకు గాలి కొట్టి, జెర్సీలు ఉతికించి, చివరికి అబ్బాయిల టీమ్‌కి కోచ్ అయింది. అబ్బాయిలకు ఈవిడేం నేర్పుతుందన్న నోళ్లు మూయించడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో టీమ్ ఒక్కసారీ సెమీఫైనల్ దాటలేదు. ఈసారి దాటుతుందని ఆమె నమ్మకం. అదిగో, సరిగ్గా అప్పుడే ఈ కాగితం.

అక్కడ హాజరు వ్యవహారం చూసే లెక్చరర్ కొత్తగా వచ్చినవాడు. నెమ్మదస్తుడు. ఆమె పదినిమిషాలు ఊపిరి పీల్చకుండా వాదిస్తే అంతా విన్నాడు. తర్వాత రిజిస్టర్ తెరిచాడు.

“మీవాళ్లకి అరవై ఒక్క శాతం ఉందండి. డెబ్బై అయిదు కావాలి.”

“అది నేనూ చదివానండి. ఇప్పుడేం చెయ్యమంటారు?”

“క్లాసులకి రమ్మనండి.”

గోడకు తల బాదుకున్నా ఇంతకన్నా సుఖంగా ఉండేదనిపించింది ఆమెకు. ప్రాక్టీసు మానలేరని ఆమె, నియమం తప్పలేనని అతను. చివరికి అతనే ఒక దారి చూపాడు. పొద్దున ఆరింటికి స్పెషల్ క్లాసు పెట్టి, దాన్నీ హాజరులో కలుపుతానన్నాడు. ఆరింటికే కదా ప్రాక్టీసు! మళ్లీ అరగంట వాదన జరిగాక, క్లాసేదో కోర్టు దగ్గరే పెట్టేట్టు, అది కాగానే బంతి పట్టేట్టు ఒప్పందం కుదిరింది.

మర్నాడు ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా అతను చంకలో గొడుగుతో, చేతిలో చిన్న నల్లబల్లతో వచ్చాడు. అతని సుద్దపొడి కోర్టు మీద పడి కెప్టెన్ కాలు జారింది. ఆమె తిట్టబోయేలోపే అతను తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని నేల తుడవడం మొదలుపెట్టాడు. అలాంటి మనిషిని ఏమని తిడతాం? తిట్టలేకపోయినందుకు ఆమెకు ఇంకా చిరాకేసింది.

వారం తిరిగేసరికి అతని పాఠం ఆటలోకే వచ్చేసింది. ఎవరు ఎక్కణ్నుంచి ఎన్ని బంతులు వేశారో, ఎన్ని పడ్డాయో పిల్లలచేతే రాయించాడు. ఒకరోజు ఆ కాగితం తెచ్చి ఆమెకిచ్చాడు. ఎడమ మూలనుంచి వేసే షాట్ అయిదింటిలో ఒక్కటే పడుతోందట. అది ఆమె సొంతంగా కనిపెట్టిన ఎత్తుగడ, తను ఆడే రోజుల్లో చప్పట్లు కొట్టించుకున్నది.

“ఆట పుస్తకాల్లో ఉండదు సార్.”

“ఇది పుస్తకం కాదండి. మీవాళ్లు వేసిన బంతులే.”

మూడురోజులు అతనితో మాట్లాడలేదు. నాలుగోరోజు, ఎవరికీ చెప్పకుండా, ఆ షాట్‌ని కుడివైపుకు మార్చింది. అతను గమనించాడు, ఏమీ అనలేదు. ఒక్క మాటన్నా పోట్లాడటానికి వీలుండేది. ఆ వీలు కూడా ఇవ్వలేదని ఆమె ఒళ్లు మండింది.

ముగ్గురికీ హాజరు చాలింది. టీమ్ సెమీఫైనల్ దాటింది, ఫైనల్ కూడా నాలుగు పాయింట్లతో గెలిచింది. ఆ గెలుపు చూసి పక్క ఊళ్లోని పెద్ద యూనివర్సిటీవాళ్లు తమ టీమ్‌కి కోచ్‌గా రమ్మని ఉత్తరం పంపారు. ఆమె అది పట్టుకుని ఇంటికైనా ఫోన్ చెయ్యకుండా ముందు అతని గదికి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో మెట్లెక్కాకగానీ ఆలోచించలేదు.

అతను ఉత్తరం మొత్తం చదివి, మడత నలగకుండా తిరిగిచ్చాడు. మంచి అవకాశమనీ, తప్పకుండా వెళ్లమనీ అన్నాడు. ‘కానీ’ అని ఒక్క ముక్క వస్తుందేమోనని ఆమె గుమ్మం దాకా నెమ్మదిగా నడిచింది. రాలేదు.

వెళ్లిపోయింది.

కొత్తచోట కుర్రాళ్లు తాడిచెట్లంత పొడుగు. ఒకడి మాట ఇంకొకడు వినడు. వరసగా అయిదు మ్యాచ్‌లు ఓడిపోయారు. అయిదోది అయ్యేసరికి బయట వాన. రేకుల కప్పు మీద చప్పుడు హోరెత్తిపోతోంది. ప్రేక్షకులందరూ వెళ్లిపోయారు. పై వరసలో, చంకలో గొడుగుతో, ఒక్కడే మిగిలాడు.

ఆమె గబగబా మెట్లెక్కి అతని ముందు నిలబడింది.

“మీరు ఎప్పుడొచ్చారు?”

“అయిదు మ్యాచ్‌లకీ వచ్చానండి.”

“ఒక్కసారైనా కనిపించలేదే?”

“గెలిస్తే కిందికొచ్చి అభినందించి, ఆ ఊపులో ఒక మాట చెబుదామనుకున్నా.” అతను తడబడ్డాడు. “మీరేమో గెలవట్లేదు.”

ఆమెకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆ రెంటినీ తోసుకుని నవ్వు వచ్చింది. పక్క కుర్చీలో కూలబడింది.

“సీజనంతా ఓడిపోతే?”

“ఇంకా తొమ్మిది మ్యాచ్‌లున్నాయి కదండీ.”

“మీరు మనిషా, రాయా? ఆరోజు ఉండిపొమ్మని ఎందుకనలేదు?”

“ఉండిపోయేవారు,” అన్నాడు అతను. “తొమ్మిదేళ్ల కష్టం తర్వాత వచ్చిన ఉద్యోగం నా ఒక్క మాటతో పోయుండేది. అందుకే అనలేదు. అలాగని అక్కడ కూర్చుని ఉండలేకపోయాను.”

ఆమె మెడలో విజిల్ తీసి ఒళ్లో పెట్టుకుంది. చెప్పదలచుకున్న ఆ మాటేదో ఓడిపోయిన రోజు కూడా చెప్పొచ్చంది. అతను చెప్పాడు. చిన్నమాటే, కానీ మూడుసార్లు ఆగాడు. ఆమె ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

అక్కణ్నుంచే అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ అబ్బాయి ఏం చేస్తాడని అడిగింది, చదువు అడిగింది, చివరికి అసలు సందేహం బయటపెట్టింది.

“మాట్లాడతాడా మరి? నీ దగ్గర నోరు పెగులుతుందా?”

“మాట్లాడతాడమ్మా. కాకపోతే ఆలస్యంగా.”

“పోన్లేవే, ఇద్దరి వాటా నువ్వు మాట్లాడతావుగా. ఆదివారం తీసుకురా,” అంది అమ్మ.