లెక్కలో రాని రొట్టె

మా సెల్ రిపేరు షాపు ముందు ఎవరో టేబుల్ వేశారు. సూర్యాపేట బస్టాండు ఎదురుగా ఉన్న షాపది. మధ్యాహ్నం పూట అక్కడ మనిషి దూరడానికే సందుండదు. తీయించేద్దామని విసురుగా బయటికొచ్చాను.

టేబుల్ వెనక ఒకమ్మాయి జొన్నరొట్టెలు సర్దుతోంది.

"ఏవండీ, ఇక్కడ పెట్టకూడదండీ."

"కోదాడ దిక్కా మీది?" అంది తలెత్తకుండానే.

"ఎలా తెలిసింది?"

"కొట్లాటకొచ్చి గూడ అండీ అంటున్నరు గదా."

అప్పుడు తలెత్తి నవ్వింది. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. టేబుల్ నీడలోకి జరపడానికి సాయం కూడా చేశాను.

పేరు పూజ. ఆత్మకూర్ (ఎస్) దగ్గర తండా. మిర్యాలగూడలో మందుల షాపులో పని. సెలవు పెట్టి వచ్చింది.

"పదిహేను రోజుల టెస్ట్ ఇది. దినాం నలభై రొట్టెలు. అన్నీ పోతే మా యాడి రెండు బర్రెలమ్మి పక్క షటర్ కిరాయికి తీస్తది. పోకుంటే నేను మిర్యాలగూడకు వాపస్." యాడి అంటే అమ్మ అని తనే చెప్పింది.

"ముందే షాపు పెట్టేయొచ్చుగా?"

"బర్రెలు పోయినంక రొట్టెలు పోకుంటే? అందుకే ముందుగాల సూస్కుంటున్న."

మొదటి రోజు మూడు గంటలకి ఇరవై రెండు రొట్టెలు మిగిలాయి. ఆమె వాటిని మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది. నాకేమో మిర్యాలగూడ బస్సే కళ్ల ముందు కనిపిస్తోంది. ఐదు కొన్నాను. తర్వాత ఆటోస్టాండుకి పోయి, "జయరాజన్నా, ఓ పది కొనవా, డబ్బులు నేనిస్తా" అన్నాను.

నాలుగో రోజుకి అదే నా ఉద్యోగమైపోయింది. మధ్యాహ్నం నాకు జొన్నరొట్టె, రాత్రికీ జొన్నరొట్టె. మిగతావి ఆటోవాళ్లకి.

తొమ్మిదో రోజు వాన కొట్టింది. పూజ మా షాపు రేకుల కిందికి పరిగెత్తుకొచ్చింది, ఖాళీ గిన్నె ఊపుతూ.

"వానల గూడ ఖతమైనయ్ సంజీవ్! మనోళ్లకు రొట్టె అంటే గింత పానమా?"

తడిసిన ఆ మొహంలో సంతోషం చూసి నాకు సిగ్గేసింది. తువ్వాలు అందించాను.

పన్నెండో రోజు లోపలికే వచ్చేసింది. "యాడి బర్రెలకు బేరం సేసింది. రేపు తోల్కపోతరంట!"

సరిగ్గా అప్పుడే జయరాజన్న తల లోపలికి పెట్టాడు. "తమ్మీ, ఇయ్యాల నుంచి మాకు రొట్టెలు వద్దు. నువ్వు పైసలిచ్చినా మాతోని కాదు. దవడలు గుంజుతున్నయ్."

పూజ నావైపు తిరిగింది.

"దినాం ఎన్ని కొనిపించినవ్?"

"ఇరవై. ఒక్కోరోజు పాతిక."

"ఎందుకు?"

"మీరు మిర్యాలగూడ వెళ్లిపోతారని."

"పోతయా పోవా అని తెలుసుకునేందుకే గదా నేనొచ్చింది! రెండు బర్రెలు సంజీవ్. మా ఇల్లు నడిచేది వాటి పాలతోని."

ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. అక్కడే నిలబడి ఫోన్ చేసింది. "యాడి, బర్రెలు ఇయ్యకు."

మర్నాడు టేబుల్ లేదు. ఆ ఖాళీ చోటు చూడలేక ఆటోస్టాండుకి పోయి, మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. రొట్టె ఎలా ఉందో అడిగాను.

"రొట్టె మంచిదే" అన్నాడు జయరాజన్న. "గని పగటిపూట అందరం సద్ది తెచ్చుకుంటం. సల్లారినంక గట్టిపడతది. పొద్దుగూకి ఇంటికి పోయేటప్పుడు వేడివేడిగ సేసిస్తే ఎందుకు కొనం? మా ఇంట్ల ఇద్దరికి షుగర్."

పద్నాలుగు మందిని అడిగాను. పదకొండు మంది అదే మాట. రిపేరు చీటీల వెనక పేర్లతో సహా రాసుకుని ఆత్మకూర్ బస్సెక్కాను.

తండాలో వాళ్లమ్మ చాందీ బర్రెలకు కుడితి పెడుతోంది. పూజ చీటీలన్నీ చదివింది.

"గిది మొదటి రోజే ఎందుకు అడగలే?"

"అడిగితే నిజం చెప్తారని భయమేసింది."

చాందీ నన్ను ఎగాదిగా చూసింది. "పిలగాడు తప్పు జేసిండు గని, కాయితం మంచిగ రాసిండు."

అలా టెస్ట్ మళ్లీ మొదలైంది. ఈసారి సాయంత్రం, పొయ్యితో సహా. చాందీ రొట్టెలు కొడుతుంది, పూజ కాలుస్తుంది. షరతు ఒక్కటే. "నువ్వు కొనద్దు. నీ దోస్తులకు కొనియ్యద్దు. దగ్గరికే రావద్దు."

పదిహేను సాయంత్రాలు కౌంటర్ వెనక కూర్చుని వాసన పీల్చాను. ఒక వాన రోజు పది మిగిలాయి. చెయ్యి జేబులోకి పోయింది. బలవంతంగా బయటికి తీసుకున్నాను. తర్వాత్తర్వాత జనం టిఫిన్ డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడడం మొదలుపెట్టారు.

చివరి రోజు ఏడింటికల్లా గిన్నె ఖాళీ. ధైర్యం చేసి దగ్గరికి వెళ్లాను.

"అయిపోయాయా?"

"ఐపోయినయ్."

"నిజంగానా?"

"జయరాజన్న గూడ సొంత పైసలతోనే కొన్నడు" అంది, నవ్వు ఆపుకుంటూ.

ఆకలితో కడుపు మాడుతున్నా అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. ఆ ఊపులోనే అనేశాను. "నువ్వంటే నాకిష్టం పూజా. ఇదొక్కటి మాత్రం మొదటి రోజు నుంచీ నిజం."

ఆమె గిన్నె అడుగున అంటుకున్న పిండిని గీకి, నీళ్లు చిలకరించి, అరచెయ్యంత రొట్టె కొట్టడం మొదలుపెట్టింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"పిలగా" అంది చాందీ. "ఐతారం మీ అమ్మను తోల్కొని తండాకు రా. ఒక్క బర్రెనే అమ్ముతున్న. చాయకు పాలుంటయ్."

పూజ వేడి రొట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తిను" అంది మెల్లగా. "ఇది లెక్కల రాదు."