కిందికి దిగితేనే ముందుకు

"ఆగండి! మా వాళ్ళు అక్కడ ఫోన్లు లేక అల్లాడుతుంటే, మీరు ఆ ఉపగ్రహానికి బ్రేక్ వేస్తారా?"

మీట దగ్గరికి వెళ్ళిన కొలెట్ వేలు ఆగిపోయింది. ఒటావాలో ఉపగ్రహాలను నడిపే ఆ గదిలో గొంతు పెంచే అలవాటు ఎవరికీ లేదు.

పెంచినవాడు జొనాసీ. ఉత్తరాన మంచు నిండిన బాఫిన్ దీవిలో, ఇన్యూట్ జాతి వాళ్ళ ఓ చిన్న ఊళ్ళో టెలిఫోన్ డిష్ చూసుకుంటాడు. అక్కడి ఊళ్ళన్నిటికీ ఒకే దిక్కయిన ఉపగ్రహం చచ్చిపోతే, పని అయ్యేదాకా కదలొద్దని అందరూ కలిసి అతన్ని పంపారు. పడమటి వైపు ఖాళీగా తిరుగుతున్న ఓ ముసలి ఉపగ్రహాన్ని తూర్పుకి, అంటే అది తిరిగే దిక్కుకే, ముందుకి నడిపి దాని చోట నిలబెట్టాలి. ఆ లెక్క కొలెట్‌ది.

"ముందుకెళ్ళాలనే కదా మీరనేది?" అంది.

"మరి వెనక్కి తోస్తారేం?"

"వెనక్కి తోస్తే కిందికి దిగుతుంది. కింద చుట్టు చిన్నది, పరుగు జోరు. అలా ముందుకెళ్తుంది. ముందుకే తోశామనుకోండి, పైకెక్కి పెద్ద చుట్టు తిరుగుతూ వెనకబడుతుంది."

"మా కుక్కల బండి అలా నడవదే!"

"మీ కుక్కలు నేల మీదున్నాయి కాబట్టి."

జొనాసీకి నవ్వొచ్చింది. "సరే, ఎన్నాళ్ళు?"

"మూడు వారాలు."

నవ్వు ఎగిరిపోయింది. "మా అమ్మ ఒక్కతే ఉంది. గుండె జబ్బు మనిషి. ఊరి నర్సు డాక్టర్ని అడగాలన్నా ఫోనే గతి. గట్టిగా తోయండి, వారంలో తెచ్చేయండి!"

"గట్టిగా తోస్తే, అక్కడ నిలపడానికీ అంతే గట్టిగా తోయాలి. ఉన్న ఇంధనం కాస్తా అయిపోతుంది. ముసలిది పోయేముందు పైకెక్కి దారి వదలాలండీ. ఆ ఓపిక మిగల్చకపోతే, దారిలోనే శవంలా తేలుతూ ఏదో ఒకరోజు ఇంకోదాన్ని గుద్దుతుంది. అప్పుడు ఇంకెన్ని ఊళ్ళు మూగబోతాయో!"

"మీది గుండేనా, బండరాయా?" అనేసి అతను బయటికి వెళ్ళిపోయాడు.

కొలెట్ మీట నొక్కింది. ఆ తల్లికేమన్నా అయితే పాపం తనదే అనుకుంది.

మర్నాడు జొనాసీ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. కాగితంలో చుట్టిన ఎండుచేప ముక్క ఆమె ముందు పెట్టాడు. "తినండి. కాఫీ ఒక్కటే తాగితే లెక్క తప్పుతుంది."

ఆ తర్వాత రోజూ వచ్చాడు. సాయంత్రాలు కాలువ గట్టున నడిచేవారు. 'మీరు' కాస్తా 'నువ్వు' ఎప్పుడయిందో ఇద్దరికీ తెలీదు. ఇంకా ఎన్నాళ్ళని అతను మళ్ళీ ఒక్కసారీ అడగలేదు. ఆ అడగకపోవడమే కొలెట్‌ని కోసేసింది. ఆమె అతన్ని ప్రేమించింది. తన లెక్క వల్ల ఆ తల్లికేమన్నా అయితే అతను తనని క్షమిస్తాడో లేదోనని భయపడింది కూడా.

ఆఖరికి ముసలి ఉపగ్రహం వచ్చింది. కొలెట్ దాన్ని ముందుకు తోసి, పైకెక్కించి, ఖాళీ చోట నిలబెట్టింది. గదంతా చప్పట్లు. జొనాసీ ఫోనందుకున్నాడు.

మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. అతని ముఖం పాలిపోయింది.

"జొనాసీ, నేను..." అంది కొలెట్.

"నీ తప్పు కాదు," అన్నాడు గానీ, ఆమె వైపు చూడలేకపోయాడు.

మూడోసారి ఎవరో ఎత్తారు. అతను తన భాషలో అరిచాడు, విన్నాడు, ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. "అమ్మే! చేపలకెళ్ళిందట! ఫోన్ లేదని చేపలు ఆగుతాయా అంటోంది!"

కొలెట్ పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అది విని తల్లి, కొలెట్‌కీ వినపడేంత గట్టిగా, ఇంగ్లీషులోకి దిగింది.

"ఎవర్రా ఆ ఏడుపు?"

"ఇన్నాళ్ళూ నీ గొంతు నాకు వినపడకుండా చేసిన మనిషి."

మాట ఆకాశానికెక్కి ఊళ్ళో దిగడానికి ఓ క్షణం పట్టింది.

"మరిప్పుడు వినిపించిందెవరు?"

"తనే."

మళ్ళీ ఆ క్షణం ఆలస్యం.

"నువ్వంటే ఇష్టమేనా ఆ పిల్లకి? అడిగావా?"

"లేదమ్మా."

"అయితే అడుగు. నేను లైన్లోనే ఉంటా."

జొనాసీ కొలెట్ వైపు తిరిగాడు. అతను నోరు తెరిచేలోపే ఆమె ఫోన్ లాక్కుని, "ఇష్టమేనండీ, చాలా ఇష్టం," అంది.

అవతల తల్లి నవ్వు వినపడేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.