సగం ఫ్లాస్కు

గురువారం పొద్దున సింగపూర్‌లోని ఒక మాంసం పెంచే ల్యాబ్‌లో కోట్ల ప్రాణాలు పోయాయి. నైట్రోజన్ ట్యాంకు ఎవరో ఖాళీ చేశారు. అందులో గడ్డకట్టించి దాచిన కోడి కణాలన్నీ కరిగి చచ్చాయి. డాక్టర్ సియా గ్వాట్ ఎంగ్ పదకొండేళ్ళ పని అది. ఇంక్యుబేటర్‌లో రెండు ఫ్లాస్కులు మాత్రం బతికున్నాయి.

తొమ్మిదింటికి ఏజెంట్ ఇద్రిస్ సుహైమి వచ్చాడు, స్వీపర్ చొక్కా, బకెట్, తుడుపుకర్రతో.

"కణాలు దొంగిలించే క్రెమర్ ముఠా పనే మేడమ్. స్టాకు చంపేశారు. ఇక బతికున్నదాన్ని ఎత్తుకుపోతారు."

"సొంతంగా ఒక్క కణం పెంచడం చేతకాని వెధవలు!"

"ఈ కణాల్లో అంత ఏముంది?"

"ఏమీ లేదు. అదే వాటి గొప్ప. ఇంకా ఏ పనీ నేర్వలేదు. సీరం అనే మేత దండిగా పోసి చోటిస్తే ఒకటి రెండు, రెండు నాలుగు అవుతూనే ఉంటాయి. ఫ్లాస్కు కిక్కిరిసి, మేత తగ్గిందా, ఒకదానికొకటి అతుక్కుని పోగులైపోతాయి. అదే కండ. దానంతటది కొట్టుకుంటుంది కూడా. కానీ ఇక పెరగడం ఉండదు."

"మళ్ళీ వెనక్కి రావా?"

"పెరుగు పాలవుతుందా ఇద్రిస్?"

నిండు ఫ్లాస్కుకు సీరం తగ్గించి నాలుగు రోజులైంది. రేపటి రుచి పరీక్ష కోసం అది కండైపోయింది. సగం నిండినదే ఇక మూలధనం. దాన్ని వేరే ల్యాబ్‌కు తరలించే వ్యాన్ ఒంటి గంటకు వస్తుంది.

"అది పోతే మొదటి నుంచి మొదలుపెట్టే వయసు కాదు నాది," అంది డాక్టర్.

పన్నెండున్నరకు ల్యాబ్ మొత్తం భోజనానికి వెళ్ళింది. ఏ దొంగకైనా ఆ వేళే అనువు. తలుపు తెరుచుకుని వెనీషియా పువా వచ్చింది. కంపెనీ ప్రచారం చూసే సుందరి. ఇద్రిస్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్లో రహస్యాలు చెప్పేదీ ఆమే, వాటినే క్రెమర్‌కు అమ్మేదీ ఆమే. ఇద్రిస్ ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు. అతను మాత్రం రెండేళ్ళుగా ఆమె వెనకే తిరుగుతున్నాడు. లిప్‌స్టిక్‌తో తాళం తీస్తుంది, ముత్యాల దండలో మైక్ పెట్టుకుంటుంది. ఇన్ని హంగులున్న మనిషి, తాను దొంగిలించేది ఏమిటో ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు.

"అంకుల్, పక్కకి జరుగు." చేతిలో పిస్తోలు.

ఇంక్యుబేటర్ తెరిచింది. ఎంత శాతం నిండిందో తెలిసేలా ఒక ఫ్లాస్కు మీద 100 అనీ, రెండోదాని మీద 40 అనీ రాసి ఉంది. ఆమె తెచ్చిన వెచ్చటి థర్మాస్‌లో ఒకటే పడుతుంది. రెండోదాన్ని చంపడానికి బ్లీచ్ సీసా తెచ్చుకుంది.

ఇద్రిస్ చేతులు జోడించాడు. "మిస్, నలభైది తీసుకెళ్ళండి. మంచిది అదేనని డాక్టరమ్మ అంటుంటే విన్నాను."

"ఏంటి అంకుల్, నన్ను చూస్తే వెర్రిదాన్లా ఉన్నానా? నలభైది నాకు, వందది నీకా?"

ఎక్కడ తక్కువ దక్కుతుందోనన్న ఈ యావను ఈ ఊళ్ళో కియాసు అంటారు. అందరికీ కాస్తో కూస్తో ఉంటుంది. వెనీషియాకు జబ్బులా ముదిరింది. బఫేలో ఆమె పళ్ళెం చూసినవాడెవడూ మర్చిపోడు.

వంద థర్మాస్‌లోకి వెళ్ళింది. ఆమె రెండో ఫ్లాస్కు మూత తిప్పి బ్లీచ్ సీసా వంచింది. ఇద్రిస్ బకెట్‌ను కాలితో తన్నాడు. సబ్బునీళ్ళలో హైహీల్స్ జారాయి, బ్లీచ్ గోడ మీద చిమ్మింది. నేలకు జానెడు దూరంలో సగం ఫ్లాస్కు అతని అరచేతిలో పడింది. వెనీషియా థర్మాస్‌ను చంకన పెట్టుకుని కుంటుతూ పరిగెత్తింది. అతను వెంటపడలేదు. కాలర్ మైక్‌లో, "వస్తోంది, పోనివ్వండి," అన్నాడు.

తిండి దుకాణాల హాకర్ సెంటర్‌లో ముఠా నాయకుడు క్రెమర్ ఒక టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపుకున్నాడు. వెనీషియా తెచ్చిన ఫ్లాస్కుకు జేబు మైక్రోస్కోప్ ఆనించి చూశాడు.

"ఇవి కొట్టుకుంటున్నాయే!"

"బతికే ఉన్నాయిగా మరి!"

"కండైపోయాయే దద్దమ్మా! దీన్నేం చేసుకోను? చెంచాడు కూర కూడా రాదు!"

పక్క టేబుల్ దగ్గర చికెన్ రైస్ తింటున్న నలుగురు లేచి జేబుల్లోంచి సంకెళ్ళు బయటికి తీశారు.

ఒంటి గంటకు వ్యాన్ వచ్చింది. డాక్టర్ సియా సగం ఫ్లాస్కును రెండు చేతులా పట్టుకుని ఎక్కింది. సగం దారిలో అడిగింది.

"ఆ వెనీషియాకు నిజమే చెప్పావా? నమ్మి ఇదే తీసుకుపోతే?"

ఇద్రిస్ స్వీపర్ చొక్కా విప్పుతూ అన్నాడు, "సగం చాలనుకునే మనిషైతే ఆ ముఠాలో ఎందుకుంటుంది మేడమ్?"