పద్నాలుగో చీటీ

సైలెన్సర్ బిగించిన పిస్తోలు రెండుసార్లు దగ్గింది. నిఘంటువు కార్యాలయం మూడో అంతస్తులో, కిటికీ పక్క బల్ల మీదికి పెద్దాయన నెమ్మదిగా వాలిపోయాడు. ఉదయం పది దాటి అయిదు నిమిషాలు.

వచ్చినవాడిది కరెంటు పనివాడి వేషం. గోడ నిండా ఉన్న వందల సొరుగుల్లోంచి వాడు ఒకే ఒక్కటి లాగాడు. అందులోని చీటీలన్నీ ఇనప చెత్తబుట్టలో పోసి అగ్గిపుల్ల గీశాడు. ఆఖరి ముక్క బూడిదయ్యేదాకా చొక్కా చేతులతో పొగ విసురుకుంటూ నిలబడి, తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఖాళీ సొరుగు మీద అతికించిన కాగితంపై ఒక్కటే మాట ఉంది: దారి.

పన్నెండింటికి అదే భవనం అయిదో అంతస్తులో బ్రీఫింగ్. కింద నిఘంటువు బోర్డు, పైన గూఢచారి శాఖ. పాతికేళ్ళుగా ఆ బోర్డు చాటునే శాఖ బతుకుతోంది.

“పెద్దాయన పోయారు,” అన్నాడు పెద్దసారు ఫైలు తెరుస్తూ.

“పోలేదు సార్. చంపారు.”

అన్నది చీమ. గోడ వెంట నడిచి వెళ్ళినా ఎవరికీ కనబడదని ఆమెకు శాఖలో ఆ పేరు పెట్టారు. అమ్మా నాన్నా లేని పిల్లను తెచ్చి పెంచి పెద్దచేసిన పెదనాన్న ఆ పెద్దాయన.

“అదేనమ్మా, ఏ మాటైతేనేం...”

“ఏ మాటైతేనేం అనకండి. ఆయన బతుకంతా ఆ మాటల తేడాలు రాయడానికే సరిపోయింది.”

పెద్దసారు పక్కన నెమలి కూర్చుని ఉంది. ఏ విదేశీ విందులోనైనా అందరి చూపూ తనవైపు తిప్పుకోగల ఏజెంటు. మల్లెపూల సెంటు, ఎడమ చెవికి మాత్రమే వేలాడే పొడవాటి లోలకు.

“పాత కాగితాల మనిషి మీద ఎవరికి పగుంటుంది? దొంగలై ఉంటారు,” అంది నెమలి. “చీమా, ఇంటికెళ్ళి కాసేపు ఏడు. తేలికవుతుంది.”

చీమ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది.

పెద్దసారు అసలు విషయంలోకి వచ్చాడు. విదేశీ ముఠా విషం తయారుచేసే ల్యాబ్ నుంచి ఒక సైంటిస్టు తప్పించుకుని వచ్చింది. సాయంత్రం నాలుగింటికి కమిషన్ ముందు సాక్ష్యం చెబుతుంది. ఆవిడ నోరు విప్పితే ముఠాకి అమ్ముడుపోయిన మన అధికారుల పేర్లన్నీ బయటపడతాయి. కమిషన్ భవనం పై అంతస్తులో దాచిన ఆవిణ్ణి కింది హాలుకి దింపే ఎస్కార్టు బాధ్యత నెమలిది.

“సాక్షికి ఒక్క కోడ్ వర్డు నేర్పాం: ‘గొడుగు’. ఆ మాట వినబడితే ఎక్కడున్నా చతికిలబడాలి. ఇక చీమా, సొంతవాళ్ళ కేసు నీకిచ్చే రూలు లేదు.”

“మిషన్ ఇవ్వకపోతే సెలవివ్వండి.”

మెట్ల దగ్గర శాఖ మెకానిక్ ఆమెను ఆపి, వేలెడంత టార్చి చేతిలో పెట్టాడు. “నొక్కితే ఎదుటివాడికి ఏడు సెకన్లు కళ్ళు కనబడవు. నువ్వు కళ్ళు మూసుకో తల్లీ. పోయినసారి మర్చిపోయి బీరువాని అరెస్టు చేశావు.”

ఇంకో రోజైతే ఆమె నవ్వేది.

మూడో అంతస్తులో పొగ వాసన ఇంకా పోలేదు. బల్ల మీద పెదనాన్న చెయ్యి ఆగిన చోట ఒక చీటీ మిగిలింది. దాని మీద ‘దారి – 15’ అని అంకె వేసి ఉంది. కింద ఏమీ లేదు, ఒక మూల ఎర్రటి మరక తప్ప.

మనిషిని చంపడానికి వచ్చినవాడికి ఒక మాట మీద అంత కక్ష ఎందుకు?

పెదనాన్న పనితీరు ఆమెకు పలకాబలపం పట్టిన నాటినుంచీ తెలుసు. చెవులారా వినని అర్థం ఆయన రాయడు. లిఫ్టులో, బస్సులో, క్షౌరశాలలో ఎక్కడ విన్నా ఒక చీటీ. ముందువైపు అర్థం, విన్న వాక్యం. వెనకవైపు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి నోట. చీటీ కింద ఎప్పుడూ కార్బన్ కాగితం ఉండేది.

“ఒక్కో అర్థం ఒక్కో కాపురమే చిన్నీ,” అనేవాడు. “ఏ కాపురం చుట్టాలు ఆ కాపురానికుంటారు. వాళ్ళకి కబురు పంపకపోతే అలుగుతారు.”

కబురంటే కార్బన్ ప్రతి. ఆ అర్థానికి దగ్గరి మాట ఏదైతే, దాని సొరుగులో వేసేవాడు. చంపినవాళ్ళు మాటని తగలబెట్టారు. దాని చుట్టాల సంగతి వాళ్ళకి తెలియదు.

చీమ సొరుగులు లాగడం మొదలుపెట్టింది. కాళ్ళు నడిచే దారి ‘బాట’లో దొరికింది. బతకడానికి వెతుక్కునే దారి ‘ఉపాయం’లో ఉంది. మొండివాణ్ణి దారికి తేవడం ‘లొంగదీయడం’లో. ఒక్కొక్క చీటీ మీద ఆ గుండ్రటి అక్షరాలు చూసినప్పుడల్లా ఆమెకు ఏడుపు బదులు కోపమే పొంగుకొచ్చింది. మూడయ్యేసరికి పదమూడు దొరికాయి. పదిహేనో చీటీకి అంకె పడిందంటే పద్నాలుగోది రాయడం అయిపోయినట్టే. అదెక్కడ?

దారి గురించి జనం ఇంకేమంటారు? దారి తప్పడం చూసింది. దారి చూపడం చూసింది. దారి కాయడం...

‘మాటు’ సొరుగులో అన్నిటికంటే పైన ఉంది.

‘దారి – 14. దారి కాయు: మాటు వేయు. ఉదా: “ముందు మెట్ల దగ్గర దారి కాయొద్దు, వెనక మెట్ల కింద కాయి. నాలుగింటికి ఆవిణ్ణి అటే దింపుతాను.” విన్నది: మన లిఫ్టులో, నిన్న ఉదయం తొమ్మిదిన్నరకి. అన్నది: ఫోనులో మాట్లాడుతున్న ఒకమ్మాయి, మల్లెల సెంటు, ఎడమ చెవికి ఒకటే లోలకు. వాక్యం బాగుంది, మళ్ళీ ఒకసారి అనమని అడిగితే నవ్వి ఊరుకుంది.’

చీమ ఆ ఆఖరి మాటలు రెండుసార్లు చదివింది. అడిగాడు. పిచ్చి పెదనాన్న, మర్యాదగా అడిగాడు. అందుకే చంపారు.

పెద్దసారుకి ఫోన్ కొట్టింది. ఎత్తింది నెమలి.

“సారు ఫోను ఇవాళ నాకు మళ్ళించారు. ఏంటి చీమా?”

“ఏం లేదు. సెలవు రేపటికి కూడా కావాలి.”

నాలుగుకి ఆరు నిమిషాలుండగా, కమిషన్ భవనం వెనక మెట్ల మీద ఊడ్చేమనిషి ఒకతె సబ్బునీళ్ళ బకెట్‌తో తడిగుడ్డ పెడుతోంది. మెట్ల కింద కరెంటు పనివాడు ఒకడు వైర్ల పెట్టె ముందు కూర్చున్నాడు. చొక్కా చేతుల అంచులకు కాగితపు మసి. చీమ పళ్ళు నూరుకుని గుడ్డ పిండింది.

పైన తలుపు తెరుచుకుంది. నెమలి వెనక కళ్ళద్దాల సన్నటి మనిషి, ఫైలు గుండెకు హత్తుకుని.

“ఏయ్, పక్కకి తప్పుకో,” అంది నెమలి, ఊడ్చేమనిషి ముఖం చూడకుండానే. అని తాను ఒక మెట్టు పక్కకి జరిగింది. కింద వైర్ల పెట్టె మూత లేచింది.

“అమ్మా, గొడుగు!”

సైంటిస్టు ఉన్నచోటే చతికిలబడింది. గుండు ఆవిడ కొప్పు మీదుగా వెళ్ళి గోడలో దిగింది. చీమ కళ్ళు గట్టిగా మూసుకుని టార్చి నొక్కింది. తెల్లటి వెలుగు. బకెట్‌ను కాలితో తన్నింది. గుడ్డివాడై పైకి ఉరికిన పనివాడు సబ్బునీళ్ళ మీద జారి, గడ్డం మెట్టుకి కొట్టుకుని పడిపోయాడు. తడుముకుంటూ పిస్తోలు తీసిన నెమలి మణికట్టును చీమ ఇనప కమ్మీకి అదిమింది. పిస్తోలు కిందపడి గలగల్లాడింది.

ఏడు సెకన్లు పూర్తయ్యాయి. నెమలి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా చీమ ముఖం ఉంది.

“లిఫ్టులో ఒక ముసలాయన నిన్ను ఒక మాట మళ్ళీ అనమన్నాడు,” అంది చీమ. “ఇప్పుడు అను.”

నెమలి మణికట్టు విడిపించుకోబోయింది; చీమ దానికి సంకెళ్ళు బిగించింది.

విచారణ గదిలో ఆరింటికి నెమలి నోరు విప్పింది. అప్పటికి సైంటిస్టు సాక్ష్యం పూర్తయి, పదకొండుమంది అధికారులకి సంకెళ్ళు పడ్డాయి.

“చెప్పడం తప్ప నాకింక దారి లేదు,” అంది నెమలి, తల వంచుకుని. చీమ ఇంకోసారి అనమంటే, అదే మాట మళ్ళీ అంది.

చీమ ఎర్రమరక చీటీ తీసి, కింద కార్బన్ పెట్టి, ఆ వాక్యం గుండ్రటి అక్షరాల్లో రాసుకుంది. వెనక్కి తిప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నీ నింపింది. చివర ఇలా రాసింది: ‘మళ్ళీ ఒకసారి అనమని అడిగితే, అంది.’ ఆ తర్వాత పెద్దసారు ఫైలు లాక్కుని, అందులో ‘పోయారు’ కొట్టేసి ‘చంపారు’ అని దిద్దింది.

పెద్దసారు దిద్దుబాటుని చూసీ చూడనట్టు ఊరుకుని చీటీ వైపు చెయ్యి చూపాడు. “సొరుగులో ఒకటి పెడితే చాలదా అమ్మా? ఈ రెండో కాపీ ఎందుకు?”

“తగలబెట్టేవాళ్ళు మన ఆఫీసులోనే ఉంటారు కదా సార్,” అంది చీమ.