కుందేలు చెవిలో ఎరుపు

అరవై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. శ్రీకూర్మానికి దిగువన సముద్రం ఒడ్డు పల్లెలో లక్ష్మణమ్మ తెల్లవారేసరికే పనిలో పడింది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివే కూతురు బుల్లమ్మ వచ్చింది మరి. నోరు తెరిచి ఏదీ అడగని పిల్ల, ఈసారి పట్నం తీసుకెళ్ళడానికి ఆక్టోపస్‌లు కావాలంది. వలలో పడితే ఎరకి తప్ప ఎందుకూ పనికిరాని ఎనిమిది కాళ్ల జీవి. అయినా తండ్రి నూకయ్య పట్టుకొచ్చాడు.

బస్సులో కంపు కొడితే పిల్ల పరువేం కాను? ఎప్పుడూ ఎరకి చేసినట్టే లక్ష్మణమ్మ వాటి తలలు తిరగేసి, లోపలిదంతా గీకి కాకులకి పారేసింది. కడిగి ఉప్పు రాసింది. అంత శుభ్రమైన చెయ్యి ఆ ఒడ్డున ఇంకోటి లేదు.

ఐసు డబ్బాతో వచ్చిన బుల్లమ్మ అది చూసి కూలబడింది.

"అమ్మా! నాకు కావలసింది నువ్వు పారేసిందేనే! దాని రసమే కుందేళ్ళకి ఎక్కించి సూడాల!"

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. లక్ష్మణమ్మ ముఖం చిన్నబోయింది. నూకయ్యకి కోపం నషాళానికి అంటింది.

"మీయమ్మ సేతులు సూడు, ఉప్పుకి ఎలా మండిపోతన్నాయో! కుందేళ్ళకి సూదులు గుచ్చే సదువేటే? పెళ్ళీడు గుంటవి. ఇంక బస్సెక్కొద్దు!"

"ఆక్టోపస్ ఉమ్మి గ్రంథుల్లో పెప్టైడ్ అనే పదార్థం ఉంటాది అయ్యా. మన ఒంట్లో హార్మోన్లు కొన్ని ఆ జాతివే. పరాయి దేశాల్లో తీసి జంతువులకి ఎక్కిస్తే రక్తనాళాలు వెడల్పయ్యాయి, రక్తపోటు తగ్గింది. మన సముద్రంలో దానికీ ఆ గుణం ఉన్నాదేమో సూడాల. అది సూపించకపోతే నా సదువు ఇక్కడితో సరి." బుల్లమ్మ ఐసు డబ్బా పక్కకి నెట్టింది.

లక్ష్మణమ్మ చివాల్న లేచింది. "తప్పు నాది. నా తప్పుకి దాని సదువు ఆపేత్తావేటి? తెప్ప తియ్యి!"

నూకయ్య గొణుక్కుంటూనే మళ్ళీ వేటకెళ్ళాడు. ఈసారి కొయ్యకుండా, కడక్కుండా ఐసులో పెట్టారు.

కొన్నాళ్ళకి కూతురు కబురంపితే ఇద్దరూ పట్నం వెళ్ళారు. ప్రయోగశాలలో బుల్లమ్మ ఒక కుందేలు చెవుల వెనక దీపం పెట్టింది. దారప్పోగుల్లాంటి నాళాలు కనిపించాయి. ఒక చెవికి ఉత్త ఉప్పునీరు ఎక్కించింది. ఏమీ కాలేదు. రెండో చెవికి గ్రంథుల్లోంచి తీసిన రసం రవ్వంత ఎక్కించింది. చూస్తూండగానే సన్నటి నాళాలు లావెక్కాయి, చెవంతా ఎర్రబడింది.

లక్ష్మణమ్మ భయం భయంగా ముట్టుకుంది. "వెచ్చగా ఉన్నాదే!"

ఎంత ముచ్చటేసిందో నూకయ్యకి! "ఈ ముక్క నీకెవరు సెప్పారే గుంటా?"

"ఎవరూ సెప్పలేదయ్యా. మన సముద్రంలో దానికి ఈ గుణం ఉన్నాదని ఇప్పుడు తెలిసింది ఈ గదిలో మనకే."

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ సముద్రం మీదే బతికినవాడు నూకయ్య. కళ్ళు తుడుచుకున్నాడు. కూతురి తల మీద చెయ్యేశాడు.

"ఇంటికి రాకమ్మా, ఇక్కడే ఉండు. నిన్ను సూడాలనిపిస్తే మేవే బస్సెక్కుతాం."