నేనున్న గదిలో లైటు

ఆమె మా షాపులో ఒక ట్యూబులైటు కొనుక్కుంది. వెళ్తూ వెళ్తూ షాపు మొత్తం చీకటి చేసి వెళ్లింది.

మాది లైట్ల షోరూమ్. సెల్లారులో ఉంటుంది, కిటికీ అన్నదే లేదు. పైనుంచి వేలాడేవి, గోడకు తగిలించేవి, మంచం పక్కన పెట్టుకునేవి, అన్నీ పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా వెలుగుతూనే ఉంటాయి. వెలగని లైటును ఎవరు కొంటారు చెప్పండి. వాటన్నిటికీ కలిపి తలుపు పక్కన ఒకటే స్విచ్చు. దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. ఆమె మాత్రం ట్యూబు చంకలో పెట్టుకుని, భుజంతో తలుపు తోసి, ఖాళీగా ఉన్న చేత్తో టక్కున ఆ స్విచ్చు ఆపేసి బయటికి నడిచింది.

అప్పుడు నా చేతిలో గాజు డూమ్ ఉంది. బెడ్‌లాంపు కోసం వచ్చిన పెద్దాయన కరెంటు పోయిందా అని అడిగారు. ఆయన భార్య తన చెయ్యి వదలొద్దని ఆయన్ని హెచ్చరించింది. నేను డూమును కడుపుకు హత్తుకుని కదలకుండా నిలబడ్డాను. చీకట్లో అడుగు వేసి సరుకు పగలగొట్టుకునేంత అమాయకుణ్ణి కాను.

అంతలో లైట్లు వెలిగాయి. స్విచ్చు దగ్గర ఆమె నాలుక్కరుచుకుని నిలబడి ఉంది.

“సారీ అండీ. బయటికెళ్తుంటే చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది.”

“లోపల ఇంతమందిమి ఉన్నాం కదండీ.”

“ఉంటే అరవాలి కదా. ఒక్కరూ అరవలేదు” అంది.

తప్పు తనది, పాఠం మాకు. నేను జవాబు వెతుక్కునేలోపు మెట్లెక్కి వెళ్లిపోయింది. నాకు మాట దొరక్కపోవడమన్నది చాలా అరుదు. గుండుసూది కోసం వచ్చినవాడికి కూడా షాండ్లియరు అమ్మి పంపిస్తానని మా నాన్న నలుగురిలో చెప్పుకుంటారు. అలాంటివాణ్ణి, ఆ సాయంత్రం షట్టరు దించేదాకా ఆ ఒక్క జవాబు కోసం తల బద్దలుకొట్టుకున్నాను.

లైట్ల వ్యాపారంలో ఉన్నవాడికి మెడనొప్పి తప్పదు. రోజంతా తల పైకెత్తి ఇది చూడండి, అది చూడండి అనడమే మా పని. వీధి చివర ఫిజియోథెరపీ క్లినిక్కు ఉందని తెలుసు గానీ, అందులో పనిచేసేది ఆమేనని తెలీదు. తెలిసుంటే నొప్పి ఇంకా ముందే వచ్చేది.

నన్ను చూడగానే గుర్తుపట్టింది. అయినా ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, తల అటు తిప్పమంది, ఇటు తిప్పమంది, తర్వాత బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. చుక్కలు కనబడుతున్నాయండీ అన్నాను. రోజంతా లైట్ల కింద ఉండేవారికి చుక్కలొక లెక్కా అంది. ఆవిడ మాటకారి అని, నాకు సరిజోడు అని, అక్కడే ఆ బల్ల మీద బోర్లా పడుకుని నిర్ణయించేసుకున్నాను.

నొప్పి వారంలో పోయింది. నేను మాత్రం ఇంకో మూడు వారాలు వెళ్లాను. మా అమ్మ పెద్ద డాక్టరుకు చూపిద్దామని కంగారు పడింది. వీడికి పట్టేసింది మెడ కాదులే అన్నారు మా నాన్న, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆ మూడో వారంలో ఒకరోజు ఆమె నా మెడ మీద వేడి ప్యాకు పెట్టి, ఇంకొకర్ని చూడ్డానికి పక్క గదిలోకి వెళ్తూ లైటు ఆపేసింది. ఈసారి నాకు పాఠం గుర్తుంది.

“నేనున్నానండీ” అని గట్టిగా అరిచాను.

గుమ్మం దగ్గర అడుగులు ఆగిపోయాయి. లైటు వెలిగింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. స్విచ్చు వంకా నా వంకా మార్చి మార్చి చూసి, ఇవాళ్టికి చాలు, వెళ్లండి అంది. ప్యాకు ఇంకా కాలుతూనే ఉంది.

ఏం తప్పు చేశానో తెలీక షాపులో కూర్చుని బుర్ర గోక్కుంటుంటే సాయంత్రం వాన మొదలైంది. క్లినిక్కు మూసేసి ఆమె మా మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చింది. చేతిలో గొడుగుంది. గొడుగు పెట్టుకుని ఇక్కడికెందుకొచ్చారని అడగబోయి నోరు మూసుకున్నాను. గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఎందుకొచ్చావని అడిగితే వ్యాపారం ఏం సాగుతుంది.

మెట్ల పైన నా పక్కన నిలబడి వాన చూస్తూ వాళ్లింటి సంగతి చెప్పుకొచ్చింది. వాళ్ల నాన్నగారు లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. వాళ్లింట్లో ఎవరు ఏ గదిలోంచి బయటికొచ్చినా చెయ్యి స్విచ్చు మీదికి వెళ్లాల్సిందే. లోపల ఎవరైనా ఉన్నారేమోనని చూడరు. ఉన్నవాళ్లే “నేనున్నా” అని అరుస్తారు, మళ్లీ వేస్తారు. స్నానాల గదిలోంచి వాళ్లమ్మ, మంచం మీద నుంచి వాళ్ల బామ్మ, మేడ మీద నుంచి తను. రోజంతా ఇల్లు ఆ కేకలతోనే నడుస్తుందట. బయటివాళ్లు కూర్చున్న గదిలో మాత్రం ఎవరి చెయ్యీ స్విచ్చు మీదికి పోదట.

“ఇన్నేళ్లుగా పేషెంటు లోపలుండగా నేనెప్పుడూ లైటు ఆపలేదు. ఇవాళ మీరుండగా ఆపాను” అంది, నా వైపు చూడకుండా.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మెట్లు తడిగా ఉన్నాయి కాబట్టి ఆగాను.

“మరి మొదటిరోజు మా షాపులో ఆపేశారుగా?”

“అదే నాకూ అర్థం కాలేదు” అంది. గొడుగు తెరిచి వానలోకి దిగింది. వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. మలుపు దగ్గర చూసింది.

నాన్చడం నాకు చేతకాదు. మర్నాడే అడిగేశాను, నన్ను పెళ్లి చేసుకుంటారా అని. ఆమె కూడా తటపటాయించలేదు. చేసుకుంటాను గానీ నాన్న మనస్ఫూర్తిగా సరేననాలి, మొహమాటానికి తల ఊపితే మాత్రం నేను రాను, ఇది ముందే చెబుతున్నాను అంది. అదెంత పని అన్నాను. మా అమ్మానాన్నలు అప్పటికే ఒప్పుకుని కూర్చున్నారు.

వాళ్లింటికి వెళ్తే నాకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. హాల్లో పెద్ద లైటు, గోడ లైట్లు, వరండాలో లైటు, పట్టపగలు వాళ్ల నాన్నగారు స్వయంగా లేచి అన్నీ వేశారు. మనిషి బక్కపలచన, మాట మెత్తన. వ్యాపారం గురించి అడిగారు. మీ ఇంట్లో రాత్రి లైట్లు ఎవరు ఆపుతారు బాబూ అని అడిగారు. మా ఇంట్లో ఎవరూ ఆపరండీ, వాటి మానాన అవి వెలుగుతుంటాయి అని దర్జాగా చెప్పాను. ఆయన తల ఊపి, నా వెనక ఉన్న చిన్న లైటు కూడా వేశారు. వాళ్లమ్మగారు కాఫీ ఇచ్చారు. బామ్మ నా మెడ ఎలా ఉందని అడిగింది. నేను ఛాతీ విరుచుకుని బయటికొచ్చాను.

గేటు దగ్గర ఆమె మొహం వాడిపోయి ఉంది. ఎందుకలా ఉన్నారు, నాకు రాజమర్యాదలు చేశారు కదా అన్నాను.

“నాన్న ఎవర్నీ కాదని మొహం మీద అనరు. లైట్లన్నీ వేసి కూర్చోబెడతారు. ఇంతకుముందొచ్చిన సంబంధం వాళ్లకీ ఇలాగే వేశారు. మూడుసార్లొచ్చారు, మూడుసార్లూ వేశారు. మీరుండగా ఆయన లైటు ఆపిన రోజున నాకు చెప్పండి, మీ వాళ్లని ముహూర్తం చూసుకోమంటాను.”

అంత స్పష్టంగా చెప్పాక నాకు కావలసింది తేలిపోయింది. నేనుండగా ఆ పెద్దాయన లైటు ఆపాలి. దానికోసం నేను చేసిన పని వింటే మీరు నవ్వుతారు. అప్పుడు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆయనకు లైట్లు వృథాగా వెలగడం ఇష్టం లేదు, అంతే కదా అనుకున్నాను. మనిషి కదిలితే వెలిగి, కదలిక లేకపోతే ఆరిపోయే సెన్సర్ లైట్లు పట్టుకెళ్లి హాలు తప్ప మిగతా గదులన్నిటిలో, నడవలో, స్టోరు గదిలో, పెరటి వరండాలో నా చేతులతో బిగించాను. పాత స్విచ్చులు పీకేశాను. ఇక ఈ ఇంట్లో ఎవరూ లేచి ఆపక్కర్లేదండీ అని ప్రకటించాను. బామ్మ ముచ్చటపడి నడవలో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది. ఆయన నడవలో తన వాలుకుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచారు. కదలకుండా చదివే అలవాటు కదా, కాసేపటికి నెత్తి మీద లైటు ఆరిపోయింది. చెయ్యెత్తి ఊపారు, వెలిగింది. ఒక పేజీ చదివారు, ఆరిపోయింది. మళ్లీ చెయ్యి ఊపారు. రైలెక్కిన వాళ్లకు వీడ్కోలు చెబుతున్నట్టు ఆయన ఆ పుస్తకంతో చాలాసేపు తంటాలు పడ్డారు.

మంచి వస్తువు బాబూ అన్నారు చివరికి. హాల్లో ఇంకో లైటు వేసి నన్ను సాగనంపారు.

రెండు రోజుల తర్వాత ఆమె షాపుకొచ్చింది. గొడుగు లేదు, నవ్వు లేదు.

“నాన్న భోజనమయ్యాక ఇల్లంతా తిరగడం మానేశారు. తిన్నగా వెళ్లి పడుకుంటున్నారు. ఆయన కరెంటు మిగలాలని లైట్లు ఆపుతున్నారనుకున్నావా నువ్వు?”

లైబ్రరీ మూసేవేళ ఆయన ఒక్కో బీరువాల వరస దగ్గరికి వెళ్లి లైటు ఆపి, ఒక్క క్షణం ఆగేవారట. పుస్తకంలో మునిగిపోయినవాళ్లు ఎక్కడో మూలనుంచి ఉన్నానండీ అనేవారు. ఎవరూ పలకరని తేలితేనే తాళం వేసేవారు. ఇంట్లోనూ అంతే. గది గదికీ వెళ్లి ఆపుతూ, అమ్మ గొంతు, బామ్మ గొంతు, ఈమె గొంతు వినేవారు. అందరూ ఇంట్లోనే ఉన్నారని చెవులతో చూసుకుని అప్పుడు పడుకునేవారు. నా సెన్సర్లు వచ్చాక ఆయన ఆపడానికి ఏమీ లేదు, వినడానికీ ఏమీ లేదు.

నాకు నిజంగా బాధేసింది. పొడిచేశాననుకుని తిరిగానే, ఒక మనిషి రాత్రి నిద్ర పాడుచేశాను. అయితే ఆ బాధలో కూడా ఒకటి గమనించకపోలేదు. కోపంలో ఆమె నన్ను నువ్వు అంది. ఆ మాట పట్టుకుని ఎంత దూరమైనా వెళ్లగలననిపించింది. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని ఆ సాయంత్రమే బయల్దేరాను.

నేను వెళ్లేసరికి హాల్లో లైట్లన్నీ వేసే ఉన్నాయి. లోపలి గదుల ఫ్యూజు తీసి, గదుల్లోవి, నడవలోది, పెరట్లోది ఊడదీసి, పాత స్విచ్చులు మళ్లీ బిగించాను. చివర స్టోరు గది మిగిలింది. దాని స్విచ్చు గది బయట గోడకు ఉంటుంది. ఆయన వాలుకుర్చీలోంచి చూస్తున్నారు.

“బాగానే పనిచేస్తున్నాయి కదా, ఎందుకు తీసేస్తున్నారు?”

“పనిచేస్తాయండీ. లోపల మనిషి ఉన్నాడో లేడో వాటికి తెలుస్తుంది. మీకు చెప్పవు.”

ఆయన పుస్తకం మూశారు. షాపు మూసేటప్పుడు మీరెలా చేస్తారని అడిగారు. మీ అమ్మాయి వచ్చి చీకటి చేసి వెళ్లిన రోజు నుంచీ, స్విచ్చు మీద చెయ్యి వేసి ఎవరైనా ఉన్నారా అని అరిచి మరీ ఆపుతున్నానండీ అన్నాను. ఎవరైనా పలుకుతారా అన్నారు. ఇంతవరకూ ఎవరూ పలకలేదు, అయినా అరవకుండా ఆపబుద్ధి కావడం లేదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. 

స్విచ్చు బిగించి, ఫ్యూజు పెట్టి, స్టోరు గదిలో లైటు వెలగడం చూసుకుని, స్టూలు లోపల పెట్టడానికి వెళ్లాను. పాత పెట్టెల పక్కన స్టూలు దించానో లేదో, లైటు ఆరిపోయింది.

మొదట నా పనితనం మీదే అనుమానం వచ్చింది. వైరు వదులుగా బిగించానా అనుకున్నాను. ఇంత బతుకు బతికి ఒక స్విచ్చు సరిగ్గా బిగించలేకపోయానా అని సిగ్గుపడ్డాను. అప్పుడు చెప్పుల చప్పుడు వినిపించింది. తీరిగ్గా, గుమ్మం దగ్గర్నుంచి నడవ వైపు వెళ్తోంది. రెండడుగులు వేసి ఆగింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది. బామ్మ దగ్గు ఆగింది. ఇల్లంతా చెవులు రిక్కించింది.  కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచడమెందుకు. చీకట్లోనే గుమ్మం వైపు తిరిగాను.

“మామయ్యా, నేనున్నా.”

చెప్పులు వెనక్కి వచ్చాయి. లైటు వెలిగింది. ఆయన గుమ్మంలో నిలబడి, స్విచ్చు మీద చెయ్యి తియ్యకుండానే నన్ను ఎగాదిగా చూశారు.

“ఉంటే ముందే చెప్పొద్దటయ్యా నువ్వు” అన్నారు.

అంతే. ఆ మాట విసుగ్గా అని ఆయన హాల్లోకి వెళ్లారు. నా కోసం వేసిన పెద్ద లైటు ఆపారు. గోడ లైట్లు ఆపారు. వరండాలోది, నా వెనక వేసిన ఆ చిన్నది కూడా ఆపుకుంటూ వెళ్లారు. మంచం మీద నుంచి బామ్మ నేనున్నా అంది. పెరట్లోంచి అత్తయ్య నేనున్నా అంది. ఆయన నడవ దాటి వంటింటి స్విచ్చు కూడా ఆపి, అక్కడ ఆగారు.

చీకట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఆమె గొంతు వినిపించింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

“నేనూ ఉన్నా నాన్నా.”