నలిగిన పూస

ముందు మనిషి బల్ల దిగి, హైమవతి వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. తెర మీద అతని వెన్నెముక ఇంకా వెలుగుతూనే ఉంది. దాని కింద ఎముకల్ని చదివే యంత్రం, అస్థిదర్శి, పచ్చ గుర్తు వేసింది. హైమవతి బొటనవేలితో ముద్ర నొక్కింది. యంత్రం వేసిన గుర్తు, మనిషి వేసిన ముద్ర, రెండూ ఉంటేనే గని ద్వారం ఆ మనిషికి తెరుచుకుంటుంది.

చంద్రుడి మీద బరువు భూమి మీది దానిలో ఆరో వంతు. ఆ తేలికే ఇక్కడి వాళ్ళ ఎముకల్ని తినేస్తుంది. మోయడానికి భారం లేని ఎముక తన సున్నాన్ని తనే వదులుకుని గుల్లబారుతుంది. అలాంటి వాళ్ళను ముందుగా పట్టుకుని, గిర్రున తిరిగే గురుత్వశాలలో ఉంచి, ఎముకకు మళ్ళీ బరువు అలవాటు చేయాలన్నది హైమవతి పరిశోధన. అందుకే ఇంత దూరం వచ్చింది. ఇక్కడ ఆమెను పలకరించేవాళ్ళు లేరు. భోజనశాలలో ఆమె కూర్చుంటే ఆ బల్ల ఖాళీ అయిపోతుంది.

తర్వాత ఓదమ్మ వచ్చింది. రామగుండంలో తరతరాలుగా బొగ్గు తవ్విన కుటుంబం ఆమెది. ఇక్కడ డ్రిల్లు నడుపుతుంది. బల్ల ఎక్కుతూ నడుము పట్టుకుని కాసేపు ఆగింది. నొప్పిగా ఉందా అని హైమవతి అడిగితే ముఖం తిప్పుకుంది. చిత్రం వచ్చింది. పచ్చ గుర్తు పడింది.

హైమవతి వేలు గాలిలోనే ఆగింది. నడుము పూసల్లో ఒకటి ముందువైపు కుంగిపోయి ఉంది. నలిగిన ఎముక కొద్ది చోటులో ఒత్తుకుపోతుంది కాబట్టి చిత్రంలో మరింత తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. సాంద్రత ఒక్కటే కొలిచే యంత్రానికి విరిగిన పూస గట్టి పూసలా తోచింది. కానీ హైమవతి రూపొందించిన పద్ధతిలో పూస ఆకారాన్ని కొలిచే భాగం కూడా ఉంది. ఆమె అమరికలు తెరిచి చూసింది. ఆ భాగాన్ని ఎవరో ఆపేసి, తిరిగి తెరవడానికి వీల్లేకుండా తాళం వేశారు.

పూస విరిగిందనీ, గనిలోకి దిగొద్దనీ ఓదమ్మకు చెప్పింది.

"మా ఆయనకు సుత పచ్చనే పడ్డది, డాక్టరమ్మా," అంది ఓదమ్మ. "నువ్వే ఒత్తినవ్. డ్రిల్లు ఎదురు తంతే తుంటి బొక్క ఇరిగింది. మనిషి దక్కలే."

హైమవతికి ఆ మనిషి ముఖం ఎంతకీ గుర్తురాలేదు. విరిగిన పూస కంటే ఆ సంగతే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఆమె నేరుగా గని అధికారి ఫణిభూషణ్ గదికి వెళ్ళింది. అతను దాచలేదు. ఆ భాగం ఆపించింది తనేనన్నాడు. ఆకారం కూడా కొలిస్తే సగం మందికి ఎర్ర గుర్తు పడుతుందనీ, గురుత్వశాలలో అంతమందికి చోటు లేదనీ, తవ్వకం ఆగితే భూమి నుంచి వచ్చే ఫోన్లకు తను జవాబు చెప్పుకోలేననీ అన్నాడు.

"చదవడానికి యంత్రం ఉంది, హైమవతి గారూ. మీరు ముద్ర వేస్తే చాలు. వేయనంటే వచ్చే నౌకలో మీరు వెళ్ళిపోతారు. మీ పరిశోధన మాత్రం ఇక్కడే ఉంటుంది."

ఆమె తిరిగి వచ్చి తెర ముందు కూర్చుంది. యంత్రం పచ్చ అన్నాక మనిషి ఎరుపు వేసే వీలు లేదు. వేసిన ముద్రను వెనక్కి తీసుకునే వీలు మాత్రం ఉంది. ఆ షిఫ్టులో తను వేసిన ముద్రలన్నీ ఆమె వెనక్కి తీసుకుంది.

నడవా చివర గని ద్వారం మూసుకుపోయింది. దిగడానికి సిద్ధమైన వాళ్ళంతా అక్కడే నిలిచిపోయారు. కాసేపటికి వాళ్ళు ఆమె గది మీదికి వచ్చారు. ఎవరో తలుపు తన్నారు. రాజలింగు అనే ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి లోపలికొచ్చి ఆమె కోటు పట్టి లేపాడు. షిఫ్టు ఎందుకు ఆపావని అడిగాడు. హైమవతి అతని పట్టులోనే తెర వైపు తిరిగింది. చెయ్యి చాచి ఓదమ్మ పూసను తెర నిండా పెద్దది చేసింది.

ఇంకొకరి చేత ముద్ర వేయించమని ఫణిభూషణ్ గొంతు మైకులో వినిపించింది. ఎముక చదవడం నేర్చిన వేలినే యంత్రం ఒప్పుకుంటుంది. గని మొత్తానికి అలాంటి వేలు ఇంకొకటి లేదు.

గుంపుతో పాటు వచ్చిన ఓదమ్మ తెర వంక చాలాసేపు చూసింది. తర్వాత రాజలింగు చేతిని హైమవతి కోటు మీంచి లాగేసింది.

"బల్ల మీద పండుర్రి ఒక్కొక్కలు. ఎవని బొక్క ఎట్లుందో వాడే సూస్కోవాలె," అంది. హైమవతి వైపు తిరిగి, "నువ్వు మంచిదానివని గాదు. సదువ నేర్చినదానివి నువ్వొక్కదానివే ఉన్నవ్, గందుకు," అంది.

రాజలింగు బల్ల మీద పడుకున్నాడు. అబద్ధం చెప్తే ఊరుకోనన్నాడు. మైకులో ఆజ్ఞలు వస్తూనే ఉన్నాయి. అస్థిదర్శి అతనికీ పచ్చ గుర్తు వేసింది. హైమవతి దాన్ని పక్కకు నెట్టి, మెడ నుంచి మొదలుపెట్టి ఒక్కో పూసనూ అతనికి వినపడేలా పైకి చదవసాగింది.